పన్నీటి జల్లులో అడిగిన మాట

రోజు 1

పొద్దున్న కిటికీల మీది నాచు గీకుతుండగా మా అంతస్తు కార్యదర్శి గౌరీశ్వరరావు వచ్చి, చీటీలో నా పేరు తగిలిందని చెప్పాడు. ఇరవై మూడో అంతస్తుకు ఈ ఏడాది పలకరింపు మనిషిని నేనే. నేను వద్దన్నాను. వద్దనుకున్నవాళ్ళు వేరే కాగితం పెట్టుకోవాలట, దానికి గడువు నిన్నటితో అయిపోయిందట.

ఈ పుస్తకం కూడా ఆయనే ఇచ్చాడు. జరిగినది జరిగినట్టు రాయాలి. నా పేరు బొడ్డు నూకరత్నం. వయసు నలభై తొమ్మిది. అంతస్తంతా నన్ను నూకప్ప అంటారు. మా వైపు అప్ప అంటే అక్క. ఒడ్డు మీది ఊళ్ళను సముద్రం తినేశాక కట్టిన ఈ నిలువూరులో నేను పుట్టలేదు గానీ, నాకు ఊహ తెలిసింది ఇక్కడే. పని నాచు గీకడం. గీకిన నాచు సగం వంటశాలకు వెళ్తుంది. మిగతా సగం వారం తిరిగేసరికి మళ్ళీ కిటికీ మీదే ఉంటుంది.

పలకరింపు మనిషి చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. వారానికోసారి ముప్పై ఒక్క ఇళ్ళ తలుపులు తట్టి, లోపల కూర్చుని, "ఈ వారం మీ మనసు ఏ కూరగాయ?" అని అడగాలి. కాకరకాయ అంటే బాగా లేదని అర్థం. బంగాళాదుంప అంటే ఫరవాలేదని. గుమ్మడికాయ అంటే అంతకు మించిన ఆనందం లేదని. మధ్యలో ఇంకో ఏడు ఉన్నాయి. నిలువూరులో నాచు, చేపలు తప్ప ఏమీ పండవు కనుక నలభై ఏళ్ళలోపు వాళ్ళెవరూ పొట్లకాయను కళ్ళతో చూడలేదు. వాళ్ళ కోసం బొమ్మల అట్ట ఇచ్చారు. అందులో పొట్లకాయ ఉండాల్సిన చోట పాము అచ్చయింది.

"ఎలా మాట్లాడాలో ఏమైనా నేర్పుతారా?" అని అడిగాను.

"అట్ట వెనకాల ఉంది," అన్నాడు గౌరీశ్వరరావు.

వెనక్కి తిప్పి చూశాను. "చిరునవ్వుతో అడగవలెను" అని ఉంది.

రోజు 4

ఉల్లాస యంత్రం గురించి రాయాలి. ఇవాళ దాని వల్ల మూడుసార్లు తడిశాను.

రెండేళ్ళ కిందట పద్దెనిమిదో అంతస్తులో ఒకాయన తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఊరి మండలివారు చాలా రోజులు ఆలోచించి, అసలు ఆ మాటే ఎవరూ ఎత్తకపోతే ఆ పనీ ఎవరూ చేయరని తేల్చారు. అప్పటి నుంచి ప్రతి ఇంటి పైకప్పులో చిన్న చెవి, చిన్న గొట్టం అమర్చారు. విచారం కలిగించే మాట వినబడగానే తొంభై సెకన్లపాటు పెళ్ళి సన్నాయి మోగుతుంది, గొట్టంలోంచి పన్నీరు కురుస్తుంది. పలకకూడని మాటల జాబితాలో మొదటిది చావు.

ఆ మాట లేకుండా మాట్లాడటం మా వాళ్ళకు చేతకాదు. లోలుగు చంద్రమ్మ ఇంట్లో కూర్చున్నాను. అరవై రెండేళ్ళ మనిషి. భర్త పోయి ఏడాదిన్నర.

"సచ్చీ సెడీ ఇప్పుడే అంట్లు తోమాను," అందావిడ.

సన్నాయి మొదలైంది. చంద్రమ్మ కూర్చున్న చోటి నుంచి కదలకుండా పక్కనున్న బేసిను తల మీద బోర్లించుకుంది. నేను తడిశాను. సన్నాయి ఆగాక, "ఈ యంత్రంతో సచ్చిపోతన్నామమ్మా," అంది. మళ్ళీ తడిశాను.

భర్త పోయిన రోజున ఆ ఇంట్లో నాలుగు గంటలు ఏకధాటిగా సన్నాయి మోగింది. పరామర్శకు వచ్చినవాళ్ళందరూ పెళ్ళివారిలా గుబాళిస్తూ తిరిగివెళ్ళారు. నేనూ వెళ్ళాను. ఆ రోజు చంద్రమ్మ ఏడ్చిందో లేదో ఎవరికీ తెలియదు. అందరి ముఖాలూ తడిగానే ఉన్నాయి.

ముప్పై ఇళ్ళవాళ్ళూ బంగాళాదుంప అన్నారు. కాకరకాయ అని చెబితే మర్నాడు ఉల్లాస బృందం అయిదుగురు వచ్చి గుమ్మం ముందు కోలాటం ఆడుతుంది, మనం కూడా రెండు కర్రలు పట్టుకోవాలి. అందుకని ఎవరూ చెప్పరు. ముప్పై ఒకటో ఇల్లు నాదే. నన్ను నేను అడుక్కుని బంగాళాదుంప అని రాసుకున్నాను.

రోజు 11

రెండో విడత పలకరింపు. ఆదినారాయణ దగ్గర ఆగిపోయాను, ఆ సంగతే రాస్తాను.

కింతలి ఆదినారాయణకు నలభై ఒకటి. మూల ఇంట్లో ఒక్కడే ఉంటాడు. ఊరి బయటి గోడకు పెద్ద పెద్ద వలలు కట్టి, పొగమంచును పట్టి, మాకు తాగడానికి నీళ్ళు చేసిపెట్టేది అతనే. మాట తక్కువ. కొన్ని నెలలుగా అందరూ కలిసి తినే చోటికి రావడం మానేశాడు. కిందటి వారం నేను వెళ్తే తల ఎత్తకుండా "బంగాళాదుంప" అన్నాడు.

ఇవాళ ఇల్లు ఊడ్చి ఉంది. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. గడ్డం గీసుకున్నాడు.

"గుమ్మడికాయ, అప్పా," అన్నాడు.

నేను అట్ట తిప్పి చూపించాను, పొరబడ్డాడేమోనని. "అదే," అన్నాడు. తర్వాత లేచి, గంప కింద నుంచి కోడిని తీసి నా ఒళ్ళో పెట్టాడు. మా అంతస్తు మొత్తానికి ఉన్నది ఆ ఒక్క కోడే. నాలుగు రోజులకో గుడ్డు పెడుతుంది. దాన్ని అతను చంటిపిల్లలా చూసుకుంటాడు.

"నీ కాడ ఉంచుకో."

"ఎన్నాళ్ళు?"

"ఉంచుకో అప్పా. నీకు గుడ్డు ఇష్టం గదా."

దారిలో తెలిసింది. అతని పనిముట్ల పెట్టె ఆరో నంబరు ఇంటికి వెళ్ళింది. వాళ్ళమ్మ ఇత్తడి గ్లాసు చంద్రమ్మకు వెళ్ళింది. పుచ్చుకున్నవాళ్ళందరూ సంతోషంగా ఉన్నారు. నేను మాత్రం చంకలో కోడిని పెట్టుకుని నడుస్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి అతని తలుపు వైపు చూశాను. ఎందుకో సరిగ్గా చెప్పలేను. బాగుపడిన మనిషి కోడిని ఇంకొకరికి ఇచ్చేస్తాడా?

రోజు 12, మధ్యాహ్నం

ఆరేళ్ళలో నిలువూరు మొత్తానికి నమోదైన మొదటి గుమ్మడికాయ అట. తెల్లారేసరికి మండలి నుంచి పురస్కారం దిగింది. పసుపు ఎరుపు కలిసిన తలపాగా, దాని మీద కాగితపు తొడిమ. గౌరీశ్వరరావు వరండాలో అందరినీ నిలబెట్టి, ఆదినారాయణ తలకు దాన్ని చుట్టి, "ఈయనను చూచి మనమందరము నేర్చుకొనవలెను," అని ఉపన్యాసం ఇచ్చాడు. ఆదినారాయణ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చేయి పట్టుకున్నాడు. చిన్నప్పుడు తనకు నీళ్ళు మోసిపెట్టిన ఒకాయనకు ఆ సంగతి గుర్తుచేశాడు. చంద్రమ్మ కాళ్ళకు దండం పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ప్రయాణానికి సామాను సర్దుకున్న మనిషి అందరి దగ్గరా సెలవు తీసుకుంటున్నట్టుంది నాకు.

లిఫ్టు దిగి రెండో అంతస్తులో ఉల్లాస కార్యాలయానికి పరుగెత్తాను. గుమాస్తా చాలా మర్యాదస్తుడు.

"ఏ కూరగాయండీ?"

"గుమ్మడికాయ."

"మరి ఫిర్యాదేమిటండీ?"

"అతను బాగా లేడనిపిస్తోంది."

"బాగా లేకపోతే కాకరకాయ కదండీ."

"గుమ్మడికాయ అనే చెప్పాడు."

"అయితే బాగున్నారండీ."

"కోడిని నాకిచ్చేశాడు."

ఆయన పుస్తకం పైనుంచి కిందికి వేలుపెట్టి చూశాడు. "కోడి కూరగాయ కాదండీ," అన్నాడు. ఆఖరికి నా మొహం చూసి జాలిపడి, 'అతి సంతోషం' అనే కాగితం ఒకటి తీసిచ్చాడు. అందులో నేను నింపాల్సినవి పన్నెండు గడులు. చివరి గడి ముందే నింపి ఉంది: తీసుకొనవలసిన చర్య, ఏమీ లేదు.

తిరిగివచ్చి ఆదినారాయణ తలుపు తట్టాను. తలపాగా ఇంకా తీయలేదు. ఎదురుగా కూర్చున్నాను. పైకప్పులోని గొట్టం నా నెత్తిమీదే ఉంది. ఆ మాట పలకకుండా అడగాలని చూశాను.

"పోవాలనిపిస్తందేటి నీకు?"

"ఎక్కడికి?"

"అదే. పోవాలని."

"పై అంతస్తుకా?"

"కాదు. ఇంకా పైకి."

"పైన మంచినీళ్ళ ట్యాంకులే గదా అప్పా."

అతను నన్ను ఆటపట్టించడం లేదు. తప్పించుకుంటున్నాడో, నిజంగానే అర్థం కాలేదో కూడా తెలియలేదు. నేను చుట్టూ తిప్పి అడిగితే అతను చుట్టూ తిప్పి చెబుతాడు, అంతే. చంద్రమ్మను పిలిచి, నేను వచ్చేదాకా ఇతనికి గ్లాసు తిరిగివ్వడం మీద పేచీ పెట్టుకుని కూర్చోమని చెప్పి మళ్ళీ లిఫ్టెక్కాను.

తొమ్మిదో అంతస్తులో గవరమ్మ ఉంటుంది. డెబ్బై నాలుగేళ్ళు. యంత్రం రాకముందు నర్సుగా చేసింది. ఏ సంగతినైనా దాని పేరుతోనే పిలుస్తుంది కనుక ఆవిడ ఇంట్లో పన్నీరు ఆగదు; తొమ్మిదో అంతస్తు ట్యాంకును అడుగంటకముందే నెలకు రెండుసార్లు నింపుతారు. ఆవిడ ఇంట్లోనూ ప్లాస్టిక్ తొడుగు వేసుకునే తిరుగుతుంది. నాకూ ఒకటి ఇచ్చింది. కోడి, గ్లాసు, తలపాగా అన్నీ చెప్పాను.

"సచ్చిపోవాలనుందా అని అడిగావా?" అంది గవరమ్మ, సన్నాయి మీదుగా అరుస్తూ.

"లేదు."

"ఏం?"

"అడిగితే లేని ఆలోచన పుడతాదేమోనని."

"పుట్టదు. ఉన్నదే బయటికొస్తాది. ముప్పై ఏళ్ళు అడిగాను నాను. అడిగినందుకు ఎవురికీ ఏటీ అవలేదు. అడగనోళ్ళ సంగతే నాను మర్సిపోలేను."

"ఔనంటే ఏటి సెయ్యను?"

"కూకో. ఇను. బోధలు సెయ్యకు. దేవుణ్ణి సూడు, పెద్దోళ్ళని సూడు అని మొదలెట్టకు. ఒక్కణ్ణీ వొదిలీసి రాకు. ఆడికి ముప్పు తెచ్చేదేటున్నా ఆడి నుంచి దూరంగా ఎట్టించు. మర్నాడు డాట్రు కాడికి నువ్వే తీసుకెల్లు." నీళ్ళు కారుతున్న చేత్తో నా భుజం తట్టింది. "ఇంకా ఇక్కడే నిల్సున్నావేటి?"

రోజు 12, సాయంత్రం రాసినది

చంద్రమ్మ ఇంకా పేచీ పెడుతూనే ఉంది. ఆమెను బయటికి పంపి, తలుపు దగ్గరికి వేసి, అతని ఎదురుగా కూర్చున్నాను.

"ఆదినారాయణా. నీకు సచ్చిపోవాలనుందా?"

సన్నాయి అందుకుంది. డోలు అందుకుంది. పన్నీరు మా ఇద్దరి మీదా పడింది. అతను నా వైపు చూడలేదు, పైన గొట్టం వైపు చూశాడు, పాపం దానికి ఇబ్బంది కలిగించామన్నట్టు. తలపాగా రంగు దిగి పసుపు చారలు బుగ్గల మీదికి కారాయి. పెదవులు కదిలాయి.

"ఏటీ?"

మళ్ళీ కదిలాయి.

"ఇనపళ్ళేదు. మళ్ళీ అడుగుతాను. సచ్చిపోవాలని—"

తొంభై సెకన్లు కొత్తగా మొదలయ్యాయి. నాకు చెమటలు పట్టాయో పన్నీరో తెలియదు. లేచి పారిపోవాలనిపించింది. గవరమ్మ కూకో అంది కనుక కూర్చున్నాను. అతను ముందుకు వంగాడు, నా చెవి దగ్గరికి వచ్చాడు, అప్పటికీ వినబడకపోయేసరికి గొంతెత్తాడు. అతని గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు.

"ఔను అంటన్నాను. నెల్రోజులుగా. ఔను."

సరిగ్గా ఆ మాట దగ్గర తొంభై సెకన్లు అయిపోయి సన్నాయి ఆగింది. "ఔను" అన్నది వరండా ఆ చివరి నుంచి ఈ చివరి దాకా వినబడింది.

అనుమానించిన మాటే. ఇంకాస్త దగ్గరికి జరిగాను. "సెప్పు," అన్నాను.

చెప్పాడు. "కారణమేటని అడక్కు అప్పా. అమ్మ పోయింది, దానికి కాదు. తమ్ముడు మాట్టాడ్డం మానేసాడు, దానికీ కాదు. అన్నీ కలిపినా ఇంత బరువు రాదు. పొద్దున్న లేత్తే ఒళ్ళంతా తడిసిన వలలాగుంటంది. ఎంత పిండినా తేలికవదు. నాను లేకపోతే అందరికీ ఒక పని తగ్గుతాది అనిపిస్తంది." మధ్యమధ్యలో యంత్రం ఏదో మాట పట్టుకుంటోంది, పన్నీరు పోస్తోంది. అతను ఆగుతున్నాడు, సన్నాయి అయ్యాక మొదలుపెడుతున్నాడు. రోజు ఎప్పుడు అనుకున్నాడో కూడా చెప్పాడు. రేపు.

తలుపు తెరుచుకుంది. చంద్రమ్మ. తల మీద ఒక బేసిను, చేతిలో ఇంకో బేసిను. ఆ రెండోది అతని నెత్తిన తలపాగా మీదుగా బోర్లించి, పక్కన కూలబడింది. ఆమె వెనక ఆరో నంబరు ఇంటి పైడిరాజు, పనిముట్ల పెట్టె వాటేసుకుని. ఆ వెనక ఇంకో పదిమంది, ఎవరికి దొరికిన గిన్నె వాళ్ళు తల మీద పెట్టుకుని. చివర గౌరీశ్వరరావు జాబితా పట్టుకుని వచ్చాడు.

"ఈ పదమును బహిరంగముగా ఉచ్చరించుట—" అన్నాడు. కాగితం చేతిలోనే ముద్దయింది. ఆయన ఆ ముద్దను కాసేపు చూసి, చొక్కా జేబులో పెట్టుకుని, నేల మీద చోటు చూసుకుని కూర్చున్నాడు.

సాయంత్రం నాలుగయ్యేసరికి గొట్టం దగ్గినట్టు రెండుసార్లు శబ్దం చేసి ఆగిపోయింది. ట్యాంకు ఖాళీ. సన్నాయికీ దానికీ ఒకే మోటారట, అదీ మోగలేదు. రెండేళ్ళలో మా అంతస్తులో అంత నిశ్శబ్దం లేదు. చుక్కలు చుక్కలుగా గిన్నెల మీంచి కారుతున్న చప్పుడే.

చంద్రమ్మ మొదలుపెట్టింది. "మాయన పోయిన మూడో నెల్లో నాకూ ఇలగే ఉండీది. ఎవురికీ సెప్పలేదు. సెప్తే కోలాటం ఆడతారని."

ఆదినారాయణ బేసిను కింద నుంచి ఆమె వైపు తిరిగాడు. "మరెలగ తగ్గింది, పిన్నీ?"

"తగ్గింది అనలేను. పక్కకి జరిగింది. ఇప్పుడు దాని పక్కన కూకొని అన్నం తినగలుగుతన్నాను."

కొంతసేపటికి అతను లేచి, వలల దగ్గరికి వెళ్ళే బయటి తలుపు తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను అడగలేదు. ఇవాళ ఇక్కడే పడుకుంటాం, నేనూ పైడిరాజూ.

రోజు 13

పద్నాలుగో అంతస్తు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన గదిలోనూ యంత్రం ఉంది కనుక రెండేళ్ళుగా పలక మీద రాసి వైద్యం చేస్తున్నాడు. ఇద్దరూ గంటసేపు రాసుకున్నారు. మాత్రలు ఇచ్చాడు. పని చేయడానికి మూడు వారాలు పట్టవచ్చనీ, అంతదాకా మనుషులు తోడుండాలనీ పెద్ద అక్షరాలతో రాసి నాకు చూపించాడు. వారానికోసారి రమ్మన్నాడు.

వంతులు వేశాం. రెండు గంటలకొకరు. నేను చెప్పకముందే గౌరీశ్వరరావు గీతలు గీసి పట్టిక తయారుచేశాడు. వలల పని పైడిరాజు చూస్తాడు. అతనికి రాదు, అందువల్ల నీళ్ళు సగమే వస్తున్నాయి.

రోజు 20

ఆదినారాయణ నా దగ్గర ఫిర్యాదు చేశాడు. "అప్పా, సావనివ్వడం లేదంటే సరే. తానం కూడా సెయ్యనివ్వట్లేదు. పైడిరాజు తలుపవతల నిల్సుని, ఉన్నావా, ఉన్నావా అంటాడు."

ఇంకా ఉన్నాయి. ఒకాయన వచ్చి అష్టాచెమ్మా నలభై ఆటలు ఆడించి అన్నీ ఓడిపోయాడు, ఇతనికి ఉత్సాహం రావాలని. చంద్రమ్మ రోజుకు మూడుసార్లు నాచు వడియాలు తెస్తోంది. కార్యదర్శి తన వంతు రెండు గంటలూ చిరునవ్వుతో ఎదురుగా కూర్చుంటాడు, ఏమీ మాట్లాడడు. అది అన్నిటికంటే భయంగా ఉందట.

సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. ఓడిపోవద్దు. వడియాలు ఒక్కసారి. నవ్వు వస్తేనే నవ్వండి. స్నానాల గది బయట నిలబడేవాళ్ళు అక్కడ ఏదైనా పాట పాడుకోండి, అతను లోపలి నుంచి అందుకుంటాడు. పైడిరాజు గొంతు ఎలాంటిదో అందరికీ తెలుసు. ఆదినారాయణ ఆలోచించి, "ఉన్నావా అనడమే నయం," అన్నాడు.

రోజు 22

లేవలేదు. కళ్ళు తెరిచే ఉన్నాడు, గోడ వైపు తిరిగి. మాత్ర మింగాడు గానీ తిండి ముట్టుకోలేదు. నా వంతు. మళ్ళీ అడిగాను, సూటిగానే. "ఉంది," అన్నాడు, "గానీ ఇయాళ ఏటీ సెయ్యను." మళ్ళీ గోడ వైపు తిరిగాడు.

ఏం చెప్పినా బోధలా ఉంటుందనిపించింది. ఊరికే కూర్చోవడం చేతకాక అతని కిటికీల మీది నాచు గీకడం మొదలుపెట్టాను. రెండు గంటలు గీకాను. పూర్తయిందనుకుని గీకుడుబద్ద తుడుస్తుండగా వెనక నుంచి గొంతు వినబడింది.

"ఆ మూల వొదిలీసావు."

గీకాను.

రోజు 30

ట్యాంకు ఖాళీ చేసిన నేరం మీద మండలి నుంచి తనిఖీ అధికారి వచ్చింది. పేరు హేమసుందరి, ముప్పై అయిదు ఉంటాయి, చంకలో లావుపాటి దస్త్రం.

"నిషిద్ధ పదాన్ని ఎన్నిసార్లు వాడారు?"

"లెక్కపెట్టలేదమ్మా."

"సుమారుగా?"

"ట్యాంకు నిండా."

ఆమె రాసుకుంది. ట్యాంకు ఖాళీ చేసిన మనిషి ఎవరో ఒప్పుకుని సంతకం చేస్తేగానీ మళ్ళీ నింపడానికి వీల్లేదట. నేను కలం అందుకునేలోగా గౌరీశ్వరరావు గొంతు సవరించుకుని, నేరము తనదేనన్నాడు. చంద్రమ్మ కాదంది, తనదేనంది. చివరికి ముప్పై ఒక్క ఇళ్ళవాళ్ళం ఒప్పుకుంటూ విడివిడిగా సంతకాలు చేశాం. ఒక్కో ఒప్పుకోలు మీద ఒక్కో విచారణ, ఒకదాని తర్వాత ఒకటిగా జరపాలి, ఒక్కో విచారణకు రెండు నెలలు. జన్మలో మొదటిసారి గౌరీశ్వరరావు ముఖంలో నిజమైన ఉల్లాసం చూశాను. నిబంధన నంబరుతో సహా అప్పజెప్పాడు.

హేమసుందరి దస్త్రం మూసింది. వెళ్ళలేదు. పైకప్పు వైపు చూసింది.

"అయితే అయిదేళ్ళదాకా ఇక్కడ ఏం మాట్లాడినా కురవదు."

"కురవదమ్మా."

"నేనొక మాట అడగవచ్చా? తనిఖీకి సంబంధించినది కాదు. మా చెల్లెలి గురించి."

చాప వేశాను.

రోజు 41

ఈ వారం పై అంతస్తుల నుంచీ కింది నుంచీ పంతొమ్మిదిమంది వచ్చారు. ఎవరూ కారణం చెప్పరు. వరండాలో తచ్చాడుతూ, ఇక్కడి గాలి పొడిగా ఉందని విన్నాం అంటారు. కూర్చోమంటాం. కొందరు నవ్వించే కబుర్లు చెప్పుకుని వెళ్ళిపోతారు. కొందరు గంట మౌనంగా ఉండి గుమ్మం దాటబోతూ నోరు విప్పుతారు. గవరమ్మ వారానికి రెండు రోజులు వచ్చి, ఎలా అడగాలో మాకు నేర్పుతోంది. ప్లాస్టిక్ తొడుగు మాత్రం తీయదు, అలవాటయిపోయిందట. హేమసుందరి చెల్లెలు నిన్న డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

ఆదినారాయణ రోజూ ఒక పూట పనికి వెళ్తున్నాడు, పైడిరాజు తోడుగా. వంతులు పగలు తీసేశాం. కొన్ని రోజులు బాగుంటాడు, కొన్ని రోజులు గోడ వైపు తిరుగుతాడు. అడిగితే ఉన్నది చెబుతాడు.

రోజు 58

పొద్దున్న తొమ్మిదికి ఆదినారాయణ తలుపు తట్టాను. పలకలేదు. గట్టిగా తట్టాను. లోపలి గడియ పడి ఉంది. వలల దగ్గర లేడు, పైడిరాజు చూడలేదన్నాడు. నిన్న అతను ఎక్కువ మాట్లాడలేదని ఎవరో అన్నారు. ఆ తర్వాత ఏం జరిగిందో సరిగ్గా గుర్తులేదు. చంద్రమ్మ నీళ్ళ పీపా దొర్లించుకుని వచ్చింది. పైడిరాజు, నేను, ఇంకో ఇద్దరు కలిసి దాన్ని పట్టుకుని తలుపును గుద్దాం. మూడో దెబ్బకు తలుపు బందులతో సహా ఊడి లోపల పడింది.

గదిలో ఎవరూ లేరు. పడక సర్దిపెట్టి ఉంది. బయటి కిటికీ మూసే ఉంది. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

"ఏటి సేస్తన్నారు?"

గుమ్మంలో ఆదినారాయణ. జుట్టు కత్తిరించుకుని ఉన్నాడు. మెడ మీద ఇంకా సబ్బు ఉంది. పదకొండో అంతస్తు మంగలి దగ్గర గంటన్నర వరసలో నిలబడ్డాడట. వెళ్తూ తలుపు విసురుగా లాగితే లోపలి గడియ దానంతట అదే పడిపోతుందట, ఎప్పటి నుంచో ఉన్న జబ్బట దానికి.

మేమంతా పీపా చుట్టూ నిలబడ్డాం. చంద్రమ్మ ఏడ్చింది. మొదట చిన్నగా, తర్వాత పెద్దగా, పైనుంచి ఏమీ మోగకుండా, కురవకుండా, ఆమె ఏడుపు ఆమెకు వినబడేలా. ఆదినారాయణ పోయి ఆమె పక్కన కూర్చుని, ఆమె అయిపోయే దాకా ఉన్నాడు. తర్వాత లేచి, పడిపోయిన తలుపును వంగి చూశాడు. బందులు పట్టి చూశాడు. కోపం వచ్చింది. రెండు నెలల్లో అతనికి కోపం రావడం నేను చూడలేదు.

"టేకు తలుపది. బుర్రలున్నాయా మీకు? పై బందు నిలువునా ఇరిగిపోయింది. కింది అంతస్తులో అడిగితే సెయ్యడానికి నాలుగు రోజులంటారు. వొచ్చే గురువారం బిగించాలి. కొత్త గడియ కూడా ఎయ్యాలి."

"ఎప్పుడూ?" అన్నాను.

"వొచ్చే గురువారం. ఇనపళ్ళేదా?"

వినబడింది. అప్పుడు అన్న ఆ రేపు తప్ప, ఈ మనిషి నోట రాబోయే రోజు గురించి నెలలుగా ఒక్క మాట వినలేదు. పైడిరాజు కొలబద్ద తెచ్చాడు. ఆదినారాయణ గుమ్మం కొలిచి, ఆ అంకె మర్చిపోకుండా గోడ మీద రాసుకుని, కింద "గురువారం" అని రాశాడు.